మీ జాగాలో ఉడుము ఉందా? జేసీబీని పిలిచే ముందు చేయాల్సిన పనులు

"అన్నా, మేం కొన్న జాగాలో ఉడుము కనిపించింది. ఎవరినైనా పిలిపించి పట్టించి, పాకాల అడవిలో వదిలేస్తే సరిపోతుందా?"

హనుమకొండ, కాజీపేట, ధర్మసాగర్ వైపు చెలకలన్నీ వెంచర్లు అవుతున్న ఈ రోజుల్లో ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడగని నెల లేదు. అడిగేవాళ్లందరూ మంచి మనసుతోనే అడుగుతారు. అందుకే ఒక్కసారి వివరంగా రాస్తున్నాను.

ముందు జవాబు: పట్టించొద్దు. ఉడుముకు తన బొరియ ఎక్కడో, నీళ్లెక్కడో, కుక్క తరిమితే ఏ చెట్టెక్కాలో తెలుసు. సంచిలో వేసి ముక్కూ మొహం తెలియని అడవిలో వదిలితే ఆ తెలివంతా పనికిరాకుండా పోతుంది. పైగా అది చట్టం ఒప్పుకోని పని. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఉడుము 1వ షెడ్యూలులో ఉంది, అంటే పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది. ఆ చట్టంలో 'వేట' అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు పెట్టడం, చివరికి సరీసృపాల గుడ్లను, గూళ్లను కదిలించడం కూడా వేట కిందికే వస్తుంది. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. 2022లో చేసిన సవరణ తర్వాత జరిమానా కనీసం 25,000 రూపాయలు. భూమి మీ పట్టా అయినా ఇదే వర్తిస్తుంది.

కాబట్టి మనం చేయాల్సింది ఉడుమును పట్టడం కాదు, అది ఉండే చోటును ఉంచడం. ఎకరానికి 40 గుంటలు కదా, అందులో రెండు గుంటలు ముట్టుకోకుండా వదిలేయగలిగితే సగం పని అయినట్టే.

కావలసినవి

- ఒక చిన్న నోటుబుక్కు, ఫోను కెమెరా
- ఒక బస్తా సున్నం లేదా ముగ్గు పిండి (గుర్తులు పెట్టడానికి)
- జల్లెడ పట్టిన మెత్తటి మట్టి, రెండు తట్టలు
- వెదురు కర్రలు, ఎర్ర రిబ్బన్ లేదా పాత చీర పేలికలు
- మీ జాగాలోనే దొరికే రాళ్లు, పగిలిన సిమెంటు పైపు ముక్కలు, ఎండిన మొద్దులు
- మీ ప్రాంతపు అటవీ బీట్ ఆఫీసర్ నంబరు, ముందే ఫోనులో సేవ్ చేసి

ఖర్చు పెద్దగా ఉండదు. కావలసింది ఓపిక, పైగా జేసీబీ రావడానికి కనీసం పది రోజుల ముందే మొదలుపెట్టాలి.

1. వారం రోజులు పొద్దున పూట చూడండి

ఉడుము రాత్రి బయట తిరగదు. ఎండెక్కాక బయటికొచ్చి, బండ మీదో పుట్ట మీదో ఒళ్లు కాచుకుని, ఆ తర్వాత మేతకు పోతుంది. ఎండాకాలం ఎనిమిదింటికే వస్తుంది, చలికాలం పదింటి దాకా రాదు. కదలకుండా దూరంగా కూర్చోండి. ఫోను మాట్లాడుకుంటూ తిరిగితే మీకు ఏమీ కనిపించదు, "మా దగ్గర ఏం లేవు" అనుకుని జేసీబీని పిలుస్తారు. ఎక్కువమంది చేసే మొదటి తప్పు ఇదే.

అది కనిపించకపోయినా దాని గుర్తులు కనిపిస్తాయి. దుమ్ములో పాములా ఒక గీత, దానికి రెండు పక్కలా గోళ్ల అచ్చులు ఉంటే అది ఉడుము తోక ఈడ్చుకుంటూ పోయిన దారి. పాము గీతకు పక్కన అచ్చులు ఉండవు. ఒక కొసన తెల్లగా సున్నం ముద్దలా ఉన్న మలం, చెట్టు బెరడు మీద పైకి పోయిన గోళ్ల గీతలు కూడా చూడండి. పిల్ల ఉడుములు ఎక్కువగా చెట్ల మీదే ఉంటాయి, కాబట్టి తల పైకెత్తి కూడా వెతకాలి.

తొండతో పొరపడేవాళ్లు కొందరున్నారు. ఉడుము నాలుక పాము నాలుకలా చీలి ఉంటుంది, నడుస్తూ మాటిమాటికీ బయట పెడుతుంది. తొండకు అలా ఉండదు. గుట్ట బండల మీద ఎర్రగా మెరుస్తూ తల ఊపే తొండలు కూడా మీ జాగాలో ఉంటే సంతోషించండి. కింద చెప్పే రాళ్ల పని వాటికీ పనికొస్తుంది.

2. పుట్టలు, బండలు, తొర్రలు లెక్క రాయండి

జాగా మొత్తం తిరిగి మూడు రకాల చోట్లు నోటుబుక్కులో గీయండి: చెదల పుట్టలు, పగుళ్లున్న బండలు, తొర్ర పడిన పాత చెట్లు. వేప, ఇప్ప, మద్ది, చింత లాంటి ముసలి చెట్టు ఒక్కటి ఉన్నా దాన్ని పెద్ద అక్షరాలతో రాసుకోండి.

మన వరంగల్ బండలు దాదాపు 250 కోట్ల ఏళ్లనాటివి. ఎండకూ వానకూ పైపొర పెచ్చులుగా లేచి, పెచ్చుకూ బండకూ మధ్య చెయ్యి పట్టేంత సందు ఏర్పడుతుంది. ఉడుము ఆ సందులోకి దూరి ఒళ్లు ఉబ్బించుకుందంటే బయటికి లాగడం ఎవరి తరమూ కాదు. ఉడుంపట్టు అని ఊరికే అనలేదు. ఆ సందు తయారవడానికి ఎన్ని వేల ఏళ్లు పట్టిందో, డ్రిల్లింగ్ పెట్టి పగలగొట్టడానికి అరగంట చాలు. కాబట్టి మీ జాగాలో ఒక్కటే ఉంచగలిగితే పగుళ్లున్న బండను ఉంచండి. మొక్కలు మళ్లీ నాటుకోవచ్చు.

3. బొరియలో ఎవరైనా ఉన్నారా అని తెలుసుకోండి

సాయంత్రం ఐదింటికి బొరియ ముందు జల్లెడ మట్టిని అర అంగుళం మందాన పరచండి. మూతి మీద అడ్డంగా రెండు ఎండు గడ్డి పరకలు పెట్టండి. మరునాడు పదకొండింటికి చూడండి. పరకలు పడిపోయి, మట్టిలో గోళ్ల అచ్చులు బయటి వైపు పడి ఉంటే లోపల కాపురం ఉన్నట్టే. మూడు రోజులు వరసగా చేయండి. ఒక్క రోజు చూసి ఖాళీ అని తేల్చేయకండి. మబ్బు పట్టిన రోజునా, బాగా మేసిన మర్నాడూ అది బయటికి రాకపోవచ్చు.

హెచ్చరిక: చెయ్యి పెట్టొద్దు, కర్రతో పొడవొద్దు. అదే పుట్టలో నాగుపాము కూడా ఉండొచ్చు. పొగ పెట్టడం, నీళ్లు పోయడం, పుట్టలో చెదల మందు పోయడం అసలు వద్దు. ఇంటి పునాదికి చెదల మందు కొట్టించుకోండి, కాదనను. కానీ ఆ మందు కొట్టే కుర్రాడు మిగిలిన మందును పుట్టలో పోసి పోకుండా పక్కనే నిలబడి చూసుకోండి.

4. నెల చూసుకుని పని పెట్టుకోండి

అన్నింటికన్నా ముఖ్యమైన మాట ఇదే. ఉడుము వానాకాలంలో, జూన్ నుంచి సెప్టెంబరు లోపల, నేలలో గుంట తవ్వి గానీ చెదల పుట్టలో గానీ గుడ్లు పెడుతుంది. ఒక్కో విడతకు ఇరవై, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. అవి పొదగడానికి ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. అంటే జూలైలో పెట్టిన గుడ్డు సంక్రాంతి దాటినా నేలలోనే ఉంటుంది.

గుడ్లు పెట్టడం ఒకసారి దగ్గర నుంచి చూశాను. మా చెలక గట్టు మీద, వాన వెలిసిన మధ్యాహ్నం. గుంట పూడ్చేటప్పుడు కాళ్లతో మట్టి తోసి, ఒక్కో పొరనూ మూతితో నొక్కుతుంది, మన ఆడవాళ్లు అరుగు అలికి చేత్తో అదిమినంత శ్రద్ధగా. తర్వాత అక్కడక్కడ ఉత్తుత్తి గుంటలు కూడా తవ్వింది, అసలుది ఏదో తెలియకుండా. అంతా అయ్యాక చూస్తే నాకే ఆ చోటు గుర్తుపట్టడం కష్టమైంది. అందుకే "పైకి ఏం కనిపించలేదు కదా" అన్న మాటకు విలువ లేదు.

మంచి కాలం: ఏప్రిల్ మధ్య నుంచి మే చివరి దాకా. గుడ్లు చాలావరకు పొదిగి ఉంటాయి, పెద్దవి చురుగ్గా ఉండి తప్పించుకోగలవు. మృగశిర కార్తె వచ్చేలోపు మట్టి పని ముగించండి.

చెడ్డ కాలం: జూలై నుంచి జనవరి. అందులోనూ డిసెంబరు, జనవరి మరీ చెడ్డవి. నేలలో గుడ్లుంటాయి, పెద్దవి చలికి మగతగా బొరియలో పడుకుని ఉంటాయి, జేసీబీ వచ్చినా కదలలేవు.

రిజిస్ట్రేషనూ బ్యాంకు లోనూ మీ చేతిలో లేవు, ఆ టెన్షన్ నాకు తెలుసు. వానాకాలంలోనే పని మొదలుపెట్టక తప్పకపోతే రోడ్డు వైపు చదును జాగా మాత్రం చేయించి, పుట్టలూ గట్లూ ఉన్న వైపును ఎండాకాలానికి ఆపండి.

5. ముట్టకూడని చోటుకు సున్నం గీయండి

కాపురం ఉన్న ప్రతి బొరియ చుట్టూ 20 అడుగుల దూరంలో సున్నంతో గీత గీసి, వెదురు కర్రలు పాతి ఎర్ర పేలికలు కట్టండి. సున్నం ఒక్కటే అయితే ఒక వానకు పోతుంది. రెండు మూడు గీతలు దగ్గర దగ్గరగా పడితే అన్నింటినీ కలిపి ఒకే చెక్క చేయండి. నాలుగు మూలలా నాలుగు చిన్న ముక్కలు వదిలేకన్నా, గుట్టకో వాగుకో ఆనుకుని ఒకే ముక్క వదిలితే ఉడుముకు ఉపయోగం. రాకపోకలకు దారి దొరుకుతుంది.

మీరు లేఅవుట్ వేసేవారైతే, పార్కు కోసం ఎలాగూ కొంత ఖాళీ జాగా చూపించాలి. ఆ జాగాను బండలున్న వైపే పెట్టమని ప్లాను గీసే ఇంజినీరుకు మొదటి రోజే చెప్పండి. అనుమతి వచ్చాక చెబితే ఎవరూ మార్చరు. ఆ చోట ఎలాగూ ఇల్లు కట్టడానికి బండ పగలగొట్టాల్సి వచ్చేది, ఆ ఖర్చూ మిగులుతుంది. పార్కంటే లాన్ అని పట్టుబట్టకండి. లాన్‌లో ఉడుముకు తిండీ లేదు, దాపూ లేదు.

రెండు వందల గజాల ప్లాటు వాళ్లు 5వ అంకెను వదిలేసి 7, 8, 9 చేస్తే చాలు.

6. జేసీబీ రోజు

ఆపరేటర్‌కు టీ ఇప్పించి, జాగా అంతా నడిపించి గీతలు చూపించండి. ఓనరు ఊళ్లో ఉండి, మేస్త్రీ చేతికి పని వదిలేసిన చోటల్లా గీతలు చెరిగిపోయాయి. ఆ రోజు మీరు అక్కడే ఉండాలి.

పని పొద్దున ఎనిమిది దాటాక మొదలుపెట్టండి, అప్పటికి ఉడుముకు ఒళ్లు వేడెక్కి ఉంటుంది. పనివాళ్లకు వడదెబ్బ తగలకుండా పదకొండున్నరకు ఆపండి. ముందు మనుషులతో పొదలు కొట్టించండి, ఒక పూట ఆగండి, తర్వాతే మెషిన్. సర్కారు తుమ్మ, లాంటానా తీసేయొచ్చు, కానీ నిప్పు పెట్టి కాదు. రోడ్డు వైపు నుంచి గుట్ట వైపుకు చదును చేసుకుంటూ రండి. అటు నుంచి ఇటు వస్తే ఉన్నవన్నీ రోడ్డు మీదికి పరుగెత్తి లారీల కింద పడతాయి.

గుడ్లు బయటపడితే? నాలుగేళ్ల కిందట ఆగస్టులో మా చెలకలోనే జరిగింది. బకెట్ పైకి లేవగానే పుట్ట సగానికి విరిగి, లోపల తెల్లగా కోడిగుడ్లలాంటివి కనిపించాయి. ముట్టుకుంటే పెంకులా లేవు, తడిసిన తోలులా మెత్తగా ఉన్నాయి. నేను కంగారులో అన్నీ గంపలోకి ఏరించి, వేప చెట్టు కింద గుంట తీసి పూడ్చాను. నెల తర్వాత తవ్వి చూస్తే అన్నీ కుళ్లిపోయి ఉన్నాయి. తవ్విందీ నేనే, ఏరిందీ నేనే, ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ గుడ్లలో పిండం లోపలి గోడకు అంటుకుని పెరుగుతుంది. పైది కిందికి తిప్పితే చాలు, చచ్చిపోతుంది.

మీరు ఇలా చేయండి. మెషిన్ ఆపించండి. గుడ్లను ముట్టుకోకుండా, తిప్పకుండా, అక్కడి మట్టినే చేత్తో మెల్లగా పైన కప్పండి. ఎండ తగలకుండా నాలుగు మండలు వేయండి. బీట్ ఆఫీసర్‌కు ఫోను చేయండి, ఫోటో పంపండి. వాళ్లు వచ్చేదాకా ఆ వైపు పని వద్దు.

7. గోడకు దారి వదలండి

ప్రహరీ కట్టేస్తే జాగా మీకు భద్రం, ఉడుముకు జైలు. ప్రతి 30, 40 అడుగులకు ఒకటి చొప్పున నేలకు ఆనించి అడుగు వెడల్పు, ముప్పావు అడుగు ఎత్తున తూము వదలండి. వాన నీళ్లు పోవడానికి ఎలాగూ తూములు కావాలి, వాటినే కాస్త పెద్దవి చేయమనండి. "పాములు రావా?" అంటారు. పాము గేటు కింద నుంచే వస్తుంది, తూము లేకపోయినా వస్తుంది.

కడీలు పాతి చైన్ లింక్ వేసేవాళ్లు జాలీని నేల నుంచి జానెడు పైకి కట్టండి. అడవి పందుల కోసం నైలాన్ వలలు కట్టొద్దు, గోళ్లు చిక్కుకుని ఉడుము అందులోనే ఎండి చనిపోతుంది. కరెంటు తీగ సంగతి చెప్పనక్కర్లేదు, దానివల్ల మనుషులే పోతున్నారు.

8. గుంతలకు ఎక్కే దారి

పిల్లర్ల కోసం తీసిన గుంతలు, సంపు, పాడుబడ్డ బావి. ఇవి మూడూ ఉచ్చులే. రాతి బావిలోంచి ఉడుము ఎక్కి వస్తుంది, నున్నటి సిమెంటు గోడ ఎక్కలేదు. గుంతలో ఒక పలకను ఏటవాలుగా పెట్టి గోనె పట్టా చుట్టండి. బావిలోకి గరుకు మొద్దు దించండి. సంపుకు మూత వేయండి. రోజూ పని మొదలయ్యే ముందు గుంతల్లోకి తొంగి చూడటం మేస్త్రీకి అలవాటు చేయండి.

9. రాళ్ల కుప్ప కట్టండి

ఉన్న బండకు ఇది సాటి రాదు, ఉన్నది పోయిన చోట మాత్రం అక్కరకొస్తుంది. నీళ్లు నిలవని ఎత్తు చోట ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, అడుగు లోతు గుంట తీయండి. అడుగున పెద్ద రాళ్లు, మధ్య మధ్య అరచేయి దూరేంత సందు. ఆరేడు అంగుళాల సిమెంటు పైపు ముక్క ఒకటి రెండు లోపలికి, బయటి మూతి కిందికి వంగేలా పెట్టండి, లేకపోతే వాన నీళ్లు లోపలికి పోతాయి. నడుమెత్తు దాకా రాళ్లు పేర్చి, పైన ఒక బల్లపరుపు బండను తూర్పు ఎండ తగిలేలా వేయండి. వెనక వైపు మట్టి పోసి రేగు, తంగేడు, బలుసు మొక్కలు పెట్టండి. పక్కన ఒక ఎండు మొద్దును అలా వదిలేయండి. దానిలో పురుగులు పడతాయి, అదే ఉడుముకు తిండి.

సిమెంటు పూయొద్దు. మా ఎరుకలో ఒకాయన ఎంతో ఇష్టంగా రాళ్ల కుప్ప కట్టించి, "గట్టిగా ఉంటుంది" అని సందులన్నీ పూడ్పించాడు. అది అరుగు అయింది, ఇల్లు కాలేదు.

10. తర్వాత రోజువారీ జాగ్రత్తలు

ఎలుకల మందు మానేయండి. మందు తిన్న ఎలుకను ఉడుము తింటుంది. ఎలుకలను, పురుగులను, తేళ్లను తగ్గించే జంతువును ఎలుకల మందుతో చంపుకోవడం మనకే నష్టం. బోనులు వాడండి.

కోళ్లుంటే రాత్రిపూటే కాదు, పగలు కూడా గూడును సన్నటి జాలీతో మూయాలి. గుడ్లు పొద్దున్నే తీసేయండి. ఒకటి రెండు పోతే పోయాయి, దాని మీద పగ పట్టకండి.

పంచమికీ చవితికీ పుట్ట దగ్గరికి వచ్చే ఆడపడుచులకు అడ్డు చెప్పకండి, మంచి మాట చెప్పండి. అక్కా, పాలు లోపల పోయకుండా పుట్ట పక్కన ప్రమిదలో పెట్టండి, లోపల పిల్లలున్నాయి అంటే ఎవరూ కాదనరు. నేను అడిగిన ప్రతిచోటా విన్నారు.

కుక్కలనూ గడ్డపారలనూ వేసుకుని మాంసం కోసం, నూనె కోసం వచ్చేవాళ్లు ఉంటారు. ఉడుము నూనె నొప్పులు తగ్గిస్తుందన్నది వట్టి మాట. ఏదో చెట్టు వేరని చెప్పి పూజకు అమ్మే 'హత్తాజోడి' ఎండబెట్టిన మగ ఉడుము జననాంగం, దాన్ని కొన్నా నేరమే. మీరు ఒంటరిగా వాళ్లతో గొడవ పడకండి. దూరం నుంచి ఫోటో, బండి నంబరు తీసుకుని అటవీ శాఖకు గానీ 112కు గానీ ఫోను చేయండి. ఉడుము కనిపించిన చోటు ఫోటోను లొకేషన్‌తో సహా గ్రూపుల్లో పెట్టడం కూడా మానండి, ఆ ఫోటో చూసేవాళ్లలో వాళ్లూ ఉంటారు.

పిల్లలకు భయం పెట్టొద్దు. ఉడుము వెంటబడి కరవదు. ప్రాణం తీసే విషం దానికి లేదు. మూలకు తోసి పట్టుకోబోతే మాత్రం గట్టిగా కరుస్తుంది, తోకతో కొడుతుంది. కరిస్తే సబ్బుతో బాగా కడిగి టీటీ ఇంజెక్షన్ వేయించుకోండి.

సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుస్తుంది?

నెలకోసారి, అదే జల్లెడ మట్టి పని. బొరియల ముందూ, గోడ తూముల దగ్గరా సాయంత్రం పరిచి, మర్నాడు మధ్యాహ్నం చూడండి. తూము దగ్గర అచ్చులు రెండు వైపులా పడితే రాకపోకలు ఉన్నట్టు. ఒకే వైపు, బయటికే పడి, తర్వాత మూడు నెలలు ఏమీ లేకపోతే అది వెళ్లిపోయింది. అప్పుడు కుక్కలు, రాత్రంతా వెలిగే లైట్లు, ఎలుకల మందు, ఈ మూడింటిలో ఏది కారణమో వెతకండి.

కొత్త రాళ్ల కుప్పలోకి మొదటి ఏడు ఉడుము రాకపోవచ్చు. తొండలు, నలికిరులు ముందు వస్తాయి. అవి వచ్చాయంటే పురుగు పుట్రా చేరిందని అర్థం, కుప్పను విప్పి మళ్లీ కట్టకండి.

అసలు పరీక్ష ఫిబ్రవరి నుంచి మే లోపల. పొద్దున తొమ్మిదింటి ఎండలో తుమ్మ కొమ్మల మీద, బెరడు సందుల్లో వెతకండి. జానెడు పొడవుండి, ఒంటి మీద చుక్కలూ అడ్డ పట్టీలూ ఉన్న పిల్ల కనిపిస్తే, పోయిన వానాకాలంలో మీరు ముట్టకుండా ఆపిన మట్టిలోనో ఆ చుట్టుపక్కలో అది పొదిగింది. దగ్గరికి పోకుండా ఫోటో తీసుకోండి, తేదీ నోటుబుక్కులో రాసుకోండి, వచ్చే ఏడు అదే నెలలో మళ్లీ చూడండి.